పదమూడో ఈఎంఐ

ఆ రీల్ మొదట మా బామ్మర్ది పంపించాడు. తర్వాత మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, వాచ్‌మన్ జీతం విషయంలో తప్ప ఎప్పుడూ నోరెత్తని ఒకాయన పంపించాడు. ఆ తర్వాత లీలామహల్ సర్కిల్ దగ్గర నాకు జుట్టు కత్తిరించే అబ్బాయి, కత్తెర ఆపి మరీ ఫోన్ చూపించాడు. “ఇరవై ఏళ్ళ లోను పదేళ్ళకే కొట్టేయొచ్చంట, చూసినారా సామీ?” చూశాను నాయనా. తిరుపతిలో ఈఎంఐ కట్టే ప్రతివాడూ చూశాడు. చూడనివాడికి చూసినవాడు పంపాడు.

రీల్‌లో కుర్రాడికి పాతికేళ్ళుంటాయేమో. వెనకాల ఎవరిదో కారు. డిసెంబరులో రిజర్వు బ్యాంకు రెపో రేటు 5.25కి దించిన దగ్గర్నుంచి ఈ జాతి పుట్టగొడుగుల్లా లేస్తోంది. వడ్డీ తగ్గినా ఈఎంఐ తగ్గించుకోవద్దట. మిగిలింది కూడా లోనులోనే పోయాలట. బయట టీ మానాలట. అన్నిటికన్నా ముఖ్యం, ఏటా ఒక్కటంటే ఒక్క ఈఎంఐ అదనంగా కట్టాలట. “ఒక్కటే కదా!” అంటాడు, చూపుడువేలు ఎత్తి.

ఆ వేలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఆవిడ ఆ రీల్ అంతా ఓపిగ్గా చూసి ఒకటే అడిగింది. “పదమూడో ఈఎంఐ సరే, పదమూడో జీతం యాడుండాది?”

నాకు జవాబు తోచలేదు. పంచాంగం తీశాను. హాస్యానికి కాదు, నిజంగానే తీశాను. పదమూడో నెల మన పెద్దలకి తెలియని సంగతేం కాదు. చంద్రుడి లెక్కకీ సూర్యుడి లెక్కకీ ఏటా పదకొండు రోజుల తేడా పడుతుంది. అది పోగై పోగై సుమారు ముప్పై రెండున్నర నెలలకి ఒక నెల అవుతుంది. అదే అధిక మాసం. 2023లో శ్రావణాలు రెండొచ్చాయి. ఈ ఏడాది జ్యేష్ఠాలు రెండు, మే 17న అధిక జ్యేష్ఠం మొదలు. సూర్యుడూ చంద్రుడూ ఇద్దరూ సంపాదనపరులే. ఆదివారం సెలవు లేదు, పిల్లల ఫీజుల్లేవు. అయినా ఒక్క నెల వెనకేయడానికి వాళ్ళిద్దరికీ రెండున్నరేళ్ళ పైన పడుతోంది. రీల్ కుర్రాడికి మాత్రం నా దగ్గర్నుంచి ఏటా కావాలి.

పోనీ అధిక మాసం వస్తే చేతిలో డబ్బు ఆడుతుందా? పంచాంగంలో నెల పెరుగుతుంది గానీ జీతంలో పెరగదు. ముహూర్తాలుండవు. మేళగాళ్ళు, వంటవాళ్ళు, మంటపం అలంకరించేవాళ్ళు నెలంతా గోళ్ళు గిల్లుకోవాలి. అంతెందుకు, కొండ మీద చూడండి. అధిక మాసం వచ్చిన ఏడాది స్వామికి బ్రహ్మోత్సవాలు ఒకటి కాదు, రెండు. సాలకట్లవి ఒకసారి, నవరాత్రులవి ఇంకోసారి. గరుడ సేవా రెండుసార్లే, ఊళ్ళో జనమూ రెండుసార్లే. పదమూడో నెల అంటే పదమూడో ఖర్చని తిరుపతివాడికి ఎవరూ రీల్ తీసి చెప్పక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ పంచాంగంలో లేని పదమూడో నెల ఒకటుంటుంది. చుట్టాలు దర్శనానికొచ్చే నెల. వేసవి సెలవుల్లో మొదలై అది ఎప్పుడు ముగుస్తుందో ఏ సిద్ధాంతీ చెప్పలేడు. “వదినా, మూడు వందల టికెట్లు దొరికినాయి, ఆరుగురం వస్తా ఉండాం” అని ఫోను. వదిన వద్దంటుందా? పొద్దున ఇడ్లీకి రెండు కిలోల బియ్యం ఎక్కువ నానాలి. అలిపిరికి ఆటో, తిరుచానూరుకి ఆటో, తిరుగు రైలు తప్పితే రేణిగుంటకి కారు. చివర్న ఆడపిల్లకి జాకెట్టు గుడ్డ. నా పదమూడో ఈఎంఐ నేను ఏటా కడుతూనే ఉన్నాను. ఇడ్లీల రూపంలో కడుతున్నాను. బ్యాంకు దాన్ని అసలుకి జమ చేసుకోకపోతే నా తప్పా?

సరే, కట్టామనే అనుకుందాం. ముప్పై లక్షల అప్పు, 8.4 శాతం, ఇరవై ఏళ్ళు. ఈఎంఐ 25,845. ఏటా ఇంకొకటి తోస్తే పదహారున్నరేళ్ళకి అటూ ఇటూగా తీరుతుంది. మంచిదే, మూడేళ్ళ పైచిలుకు కలిసిరావడం చిన్న సంగతి కాదు. కానీ ఆ పదేళ్ళు ఏవి? పదేళ్ళలో తీరాలంటే మొదటి నెల నుంచే 37,035 కట్టాలి. అంటే నెలకి 11,190 ఎక్కువ. ఈ అంకె రీల్‌లో రాదు. రీల్‌లో టీ వస్తుంది.

టీ లెక్క కూడా వేశాను. పన్నెండు రూపాయల టీ, రోజుకి రెండు, నెలకి 720. ఆ 11,190 రావాలంటే పదిహేనున్నర మంది టీ మానెయ్యాలి. మా ఇంట్లో టీ తాగేది ఇద్దరం. మా అమ్మది కాఫీ, చిన్నోడిది పాలు. మిగతా పదమూడున్నర మందిని యాత్రికులుండే శ్రీనివాసం క్యూలో నుంచి పట్టుకొచ్చి, సామీ మా లోను కోసం టీ మానండి అని దండం పెట్టాలి.

జీతాన్ని యాభై, ముప్పై, ఇరవై పాళ్ళుగా పంచుకోవాలన్నది ఇంకో రీల్. బంగారుపాళ్యం తోతాపురి మామిడి రైతుకి అది చూపించండి. నిరుడు ప్రభుత్వం కిలోకి 12 అంది, అందులో ఫ్యాక్టరీ 8, సర్కారు 4. అతని జీతం ఏడాదికొక్కసారి చెట్టుకి కాస్తుంది. దాన్ని ఏ నెలకి ఎన్ని పాళ్ళు వేయాలో ఆ కుర్రాడే వచ్చి చెప్పాలి. ఇక ఆ తర్వాతి రీల్‌లో అదే కుర్రాడు, లోను కట్టేయడం తెలివితక్కువ, ఆ డబ్బు సిప్‌లో వేయండి అంటాడు. కారు మాత్రం అదే.

వీళ్ళకి మన వడ్డీ భాష రాదు. మన దగ్గర వడ్డీ అంటే నూటికి నెలకి ఎంత అని. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ఆ లెక్కన 8.4 శాతం ఇంటి లోను నూటికి డెబ్బై పైసల వడ్డీ. ఇంకా తిన్నగా చెప్పాలంటే, మా వైపు మామూలు మనిషికి జన్మలో ఒక్కసారి దొరికే చవక అప్పు అది. పక్కన చీటీ వాయిదా ఉంటుంది, కుదువలో గాజులుంటాయి, చెల్లెలి పెళ్ళికి తెచ్చిన రెండు రూపాయల అప్పుంటుంది. అవన్నీ అలా ఉంచి డెబ్బై పైసల అప్పు మీదికి పరిగెత్తమంటాడా? బైరాగిపట్టెడలో నాకు తెలిసిన ఒకాయన సరిగ్గా అదే చేశాడు. భార్య గాజులు రూపాయి పైన వడ్డీకి కుదువ పెట్టి, డెబ్బై పైసల లోనులో లక్షన్నర కట్టాడు. కట్టి, ఆ రసీదు స్టేటస్‌లో పెట్టుకున్నాడు. ఆ గాజుల ఫొటో కూడా పెట్టి ఉండాల్సింది.

జుట్టు కత్తిరించే ఆ అబ్బాయికి అసలు ఇంటి లోనే లేదు. కొర్లగుంటలో అద్దెకుంటున్నాడు. ఇల్లే లేని లోనుని పదేళ్ళకి తగ్గించాలని కలగంటున్నాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. నవ్వు ఆగిపోయింది ఎక్కడంటే, ఒక రీల్‌లో అలిపిరి గరుత్మంతుడి ముందు నిలబడి ఒకడు అన్న మాట దగ్గర. “ఏడుకొండలవాడిలా యుగాల తరబడి వడ్డీ కడతారా? లేక స్మార్ట్‌గా క్లోజ్ చేస్తారా?”

ఒరే అబ్బాయీ, ఆ అప్పు కథ నీకు తెలిసే అన్నావా? పద్మావతితో పెళ్ళికి స్వామి కుబేరుడి దగ్గర తీసుకున్నాడు. పత్రం రాసిచ్చాడు. బ్రహ్మా శివుడూ రావిచెట్టూ సాక్షులు. కలియుగం ఉన్నంతకాలం వడ్డీ, యుగాంతాన అసలు. షరతులు రాసిన రోజే తెలుసు. లెక్క కొలవడానికి అన్న గోవిందరాజస్వామిని పెట్టుకున్నాడు. కొలిచీ కొలిచీ అలసి, కుంచం తలకింద పెట్టుకుని ఆయన రైల్వే స్టేషను పక్కన గుళ్ళో పడుకునే ఉన్నాడు. అయిదు వేల ఏళ్ళు దాటింది, కుబేరుడు ఒక్కసారైనా రేటు మార్చి ఎస్సెమ్మెస్ పెట్టాడా? గడువు నాలుగు లక్షల ముప్పై రెండు వేల ఏళ్ళని మొదటే చెప్పాడు. మధ్యలో దొంగచాటుగా ఇంకో యుగం కలపలేదు. స్వామితో లడ్డూ మానేస్తే అసలు తీరుతుందని అనలేదు.

మరి మనకేం జరిగింది? 2022 మొదట్లో ముప్పై లక్షలు 6.6 శాతానికి, ఇరవై ఏళ్ళకి తీసుకున్నవాడి ఈఎంఐ 22,544. అదే ఏడాది మే నుంచి రెపో రేటు పెరగడం మొదలైంది. 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికల్లా 6.5. ఆ రెండున్నరా కలిపి 9.1 వేసుకోండి. ఏడాది కట్టాక మిగిలిన అసలు మీద నెల వడ్డీయే 22,180 పైన. ఈఎంఐ మార్చకపోతే, కట్టే ఇరవై రెండున్నర వేలల్లో అసలులోకి దిగేది నాలుగు వందల లోపు. ఆ లెక్కన అప్పు తీరడానికి ఇంకా నలభై అయిదేళ్ళు. ముప్పై ఐదేళ్ళవాడికి ఎనభై వస్తుంది. చాలామందికి బ్యాంకులు చేసింది ఇదే. ఈఎంఐ ముట్టుకోకుండా వెనకనించి గడువు సాగదీశాయి. ఈఎంఐ మారలేదు కదా అని మనిషి హాయిగా నిద్రపోయాడు. గడువు పెంచాలా, ఈఎంఐ పెంచాలా, స్థిర వడ్డీకి మారతావా అని అప్పు తీసుకున్నవాణ్ణి అడిగి తీరాలని రిజర్వు బ్యాంకు చెప్పాల్సి వచ్చింది, 2023 ఆగస్టులో. అడగాలని చెప్పించుకోవాల్సిన సంస్థలు ఇవి!

ఇది ఎవరి తప్పు? టీ తాగినవాడిదా?

నాకు కోపం అందుకే. ఇరవై ఏళ్ళ అప్పుని బ్యాంకులు ముప్పై చేస్తే దానికి పేరు లేదు. మనం పదికి తేలేకపోతే దానికి మాత్రం క్రమశిక్షణ లేకపోవడమని పేరు. రీళ్ళలో అబద్ధాలకీ కొదవ లేదు. ఇంటి లోను ముందే కడితే పెనాల్టీ ఈ జనవరి 1 నుంచే పోయిందని ఊదరగొడుతున్నారు. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోనుకి బ్యాంకులు ఆ పెనాల్టీ వేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది 2012 జూన్‌లో. ఈ జనవరి నుంచి కొత్తగా ఒరిగింది ముఖ్యంగా వ్యాపార లోన్లకి. పద్నాలుగేళ్ళ పాత రూల్‌ని కొత్త వరంలా అమ్ముతున్నవాడు నిజంగా పనికొచ్చే రూల్ ఒక్కటీ చెప్పడు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఇంటి కాగితాలు తిరిగివ్వకపోతే, ఆలస్యం బ్యాంకుదైతే, రోజుకి 5,000 బ్యాంకే మనకివ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఉంది ఇది. ఒక్క రీల్‌లో విన్నారా?

నిజానికి నేనూ ఒకసారి ముందు కట్టబోయాను. ఎరియర్స్ వస్తే యాభై వేలు పట్టుకుని బ్రాంచికి పోయాను. ఏ బ్యాంకని అడక్కండి. మొదటిరోజు సర్వర్ లేదు. రెండోరోజు సర్వర్ ఉంది, ఆ సీటులో మనిషి లేడు. మూడోరోజు ఇద్దరూ ఉన్నారు. “ఎందుకు సార్ తొందర, ఎఫ్‌డీ చేసుకోండి” అని సలహా. కాదని కట్టొచ్చాను. నాలుగు నెలల తర్వాత స్టేట్‌మెంట్ తీస్తే అసలు ఇసుమంతా తగ్గలేదు. నా యాభై వేలూ ముందు నెలల ఈఎంఐల కింద అడ్వాన్సుగా పడున్నాయి. అడిగితే ఆ అమ్మాయి ఏమాత్రం కంగారు లేకుండా, “మీరు అసలుకని చెప్పలేదు కదా సార్” అంది.

కాబట్టి చేతిలో నిజంగా మిగులుండి, మీద రెండు రూపాయల వడ్డీ అప్పేదీ లేకుండా బ్యాంకుకి బయల్దేరే పుణ్యాత్ములకి ఒక మాట. నోటితో చెప్పకండి. తెల్లకాగితం మీద “ఈ మొత్తం అసలుకే జమ చేయండి, ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి” అని రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ముద్ర వేసే సీటులో మనిషి మధ్యాహ్నం రెండు తర్వాత ఉండడు.