గడ్డంలో వీక్

మా చిన్నప్పుడు పిల్లలు లెక్కల్లో వీక్‌గా ఉండేవారు. కొందరు ఇంగ్లీషులో, నాలాంటివాళ్లు రెండింట్లోనూ. ట్యూషన్ పెట్టించేవారు, లాభం లేదనుకుంటే ఆర్ట్స్ గ్రూపులో పడేసేవారు. మా మేనల్లుడికి ఆ బాధ లేదు. లెక్కలొచ్చు, ఇంగ్లీషొచ్చు, గచ్చిబౌలిలో ఉద్యోగం. తీరా ఇరవై తొమ్మిదో ఏట, సంబంధాలు చూస్తుండగా బయటపడింది: వాడు గడ్డంలో వీక్.

"పలచగా వస్తోందా ఏంట్రా?" అన్నాను.

"ఆ గడ్డం కాదు మావయ్యా, ఈ గడ్డం" అని కింది పెదవి కిందున్న ఎముకను తట్టి చూపించాడు.

తప్పు నాది కాదు, తెలుగుది. మొలిచేదానికీ, అది మొలిచే చోటుకీ మనవాళ్లు ఒకటే మాట పెట్టుకున్నారు. చుబుకమని ఉంది గానీ అది కావ్యనాయికల సొత్తు, అద్దె ఇంట్లో ఉండే కుర్రాళ్లకు వర్తించదు. అసలు మనకు గడ్డమనేది అవతలివాళ్లు పట్టుకుని బతిమాలడానికి. చేతికి చిక్కితే చాలు, దాని బలమెంతో ఎవరూ తూచలేదు. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకు దవడ విరిగిన పిల్లవాడికి ఆ దవడ పేరే పెట్టి హనుమంతుడని కొలిచాం. తిరుమలలో గునపం దెబ్బ తగిలిన స్వామి గడ్డానికి ఇప్పటికీ పచ్చకర్పూరం అద్దుతాం. గడ్డానికి దెబ్బ తగిలితే దేవుళ్లే సర్దుకుపోయిన దేశంలో, ఏ దెబ్బా తగలని మావాణ్ణి క్లినిక్‌కు తీసుకెళ్లాల్సి వచ్చింది.

అక్కడ ముందుగా కనిపించేది డాక్టరు కాదు, కౌన్సెలర్ అనే అమ్మాయి. వాణ్ణి పక్కకు తిరగమని ఫోటో తీసి, తెర మీద ముక్కు కొస నుంచి గడ్డం కొసకు ఓ గీత లాగింది. దాన్ని రికెట్స్ గీత అంటారు. అమెరికాలో పళ్ల వరసలు దిద్దే రాబర్ట్ రికెట్స్ అనే ఆయన చెప్పిన కొలత. పెదవులు ఆ గీతకు కాస్త లోపలే అణిగిమణిగి ఉండాలి. ఆయన ముందున్న ముఖాలు చాలావరకు తెల్లవాళ్లవి. మా వంశంలో పెదవులు తాతల కాలం నుంచీ గీత దాటే ఉన్నాయి. పెదవి ముందుకుంటే దాని వెనక గడ్డం తగ్గినట్టే కనిపిస్తుంది మరి. ఆ లెక్కన మా ఇంటి పెళ్లి గ్రూపు ఫోటో మొత్తాన్నీ ఆపరేషన్ థియేటర్‌కు తరలించాలి.

మావాడు తన వంతు సాక్ష్యంగా సెల్ఫీ చూపించాడు. మొహానికి పన్నెండు అంగుళాల దూరంలో ఫోన్ పెట్టి తీస్తే, అయిదడుగుల దూరం నుంచి తీసినదానికన్నా ముక్కు 30 శాతం దాకా వెడల్పుగా కనిపిస్తుందని అమెరికా పరిశోధకులు 2018లో లెక్కగట్టారు. ముక్కు ఉబ్బితే పక్కనున్నవన్నీ చిన్నబోవా? చెయ్యి చాపి తీసుకోరా అంటే వినలేదు. ఎముక కోయించుకోవడానికి సిద్ధపడ్డవాడికి మోచెయ్యి చాపడం కష్టమైంది.

ఇక అసలు ప్రశ్న. గడ్డం వీక్ అవునా కాదా అన్నది ఆ గుమ్మం దాటేసరికే తేలిపోతుంది. లోపల అడిగేదల్లా ఏ పద్ధతి కావాలన్నదే, హోటల్లో ప్లెయిన్ దోసా, మసాలా దోసా అన్నట్టు. ఆకలి సంగతి ఎవరూ ఎత్తరు.

చర్మం డాక్టరు గదిలో ఫిల్లర్. సూదితో హైలురోనిక్ ఆమ్లం ఎక్కిస్తారు, ఏడాది, ఏడాదిన్నరకు కరిగిపోతుంది, మళ్లీ రావాలి. పాలవాడి ఖాతా లాంటిది. రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోయే ప్రమాదముందన్న వాక్యం కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంది. పక్క గది ప్లాస్టిక్ సర్జన్‌ది. ఆయనది సిలికాన్ ముక్క. గడ్డం కిందో, నోటి లోపలో కోసి ఎముక ముందు కూర్చోబెడతారు. గంటలోపు పని. నచ్చకపోతే తీసేయొచ్చన్నారు. జరగొచ్చు, చీము పట్టొచ్చు, ఏళ్ల తరబడి ఒత్తిడికి కిందున్న ఎముకే కొంత అరగొచ్చు అన్న సంగతి మాకు మూడో గదిలో తెలిసింది. పక్క గది లోపాలు చెప్పడంలో ఆ గదులన్నీ ఎంతో నిజాయితీగా ఉన్నాయి.

మూడో గది దవడల సర్జన్‌ది. ఇంప్లాంట్ అంటే అద్దె ఇల్లు, ఎముక అంటే సొంతిల్లు అన్నాడాయన. పూర్తి మత్తిచ్చి, కింది పెదవి లోపల కోసి, గడ్డం ఎముకను అడ్డంగా రంపంతో తెగ్గోసి, ఆ ముక్కను సొరుగులా ముందుకు లాగి టైటానియం పట్టీతో, మరలతో బిగిస్తారు. ముందుకే కాదు, పొడవు తగ్గించొచ్చు, పెంచొచ్చు, వంకర సరిచేయొచ్చు. సిలికాన్‌తో అంత కుదరదు. 1942లో ఓటో హోఫర్ దీన్ని మొదట శవం మీద చేసి చూపాడు. 1957లో ట్రౌనర్, ఓబ్వెగెజర్ నోటి లోపలి నుంచే చేసే దారి చూపించారు. పద్ధతిలో లోపమేమీ లేదు, నిజంగా గొప్ప పనితనం. కాకపోతే ఆ రంపం దారికి పక్కనే మెంటల్ నర్వ్ ఉంటుంది. లాటిన్‌లో మెంటమ్ అంటే గడ్డం, మన మెంటల్‌తో దానికి చుట్టరికం లేదు. అది దెబ్బతింటే కింది పెదవి మొద్దుబారుతుంది. కొందరికి కొన్నాళ్లే, కొందరికి ఎప్పటికీ. అంటే పప్పుచారు ఆ కొత్త గడ్డం మీదుగా కారుతున్నా ఎదుటివాళ్లు చెబితేగాని తెలియదు.

దవడే పుట్టుకతో వెనక్కుండి, పళ్లు కలవక, రాత్రి ఊపిరాడక బాధపడేవాళ్లున్నారు. వాళ్లకు కావలసింది వేరే ఆపరేషన్. దవడనే ముందుకు తేవాలి, ముందూ వెనకా నెలల తరబడి పళ్లకు క్లిప్పులుండాలి. వాళ్ల గురించి నేనేమీ అనను. మావాడు చెరుకుగడ పళ్లతోనే ఒలుస్తాడు, నిద్రపోతే పక్కింటివాళ్లొచ్చి లేపాలి.

"బలమైన గడ్డముంటే లీడర్‌షిప్ లుక్ వస్తుంది సార్" అంది కౌన్సెలర్. 2011లో అమెరికాలో గడ్డం ఆపరేషన్లు అంతకు ముందేడాది కన్నా 71 శాతం పెరిగాయని అక్కడి ప్లాస్టిక్ సర్జన్ల సంఘం ప్రకటించింది. వీడియో కాల్స్‌లో తమ మొహం తామే చూసుకోవడం ఓ కారణమంది. మొహం చూసి గుణం చెప్పే ఈ జోస్యం కొత్తదేం కాదు. 1831లో బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, లావాటర్ ముఖశాస్త్రం నమ్మి, అలాంటి ముక్కున్నవాడికి పట్టుదల ఉండదేమోనని డార్విన్‌ను ఓడ ఎక్కించుకోవద్దనే దాదాపు అనుకున్నాడు. గడ్డమే నాయకత్వమైతే స్పెయిన్ రాజు రెండో చార్లెస్‌ను మించినవాడుండకూడదు. హాబ్స్‌బర్గ్ వంశపు దవడ ఆయనకు ఎంత ముందుకొచ్చిందంటే అన్నం సరిగ్గా నమలలేకపోయేవాడు. 1700లో బిడ్డల్లేకుండా పోయాడు, సింహాసనం కోసం యూరప్ కొట్టుకు చచ్చింది.

మొత్తం గదుల్లో నిజం పలికింది బిల్లింగ్ కౌంటర్. 'పెళ్లికొడుకు ప్యాకేజీ' అంచనా కింద జీఎస్టీ కూడా వేసి ఇచ్చారు. వైద్యానికి పన్ను ఉండదు కదా అన్నాను. పుట్టుకతో లోపమో, ప్రమాదమో అయితే ఉండదట, అందానికైతే ఉంటుందట. పొద్దుట్నుంచీ తిరుగుతుంటే వాడికి జబ్బేమీ లేదని రాసిచ్చింది పన్నుల శాఖ ఒక్కటే.

కారెక్కాం. అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంటూ, "ఎముకా, సిలికానా మావయ్యా?" అన్నాడు వాడు. అంతలో పెళ్లిళ్ల పేరయ్య ఫోన్. ఫోటో అమ్మాయివాళ్లకు నచ్చిందట, ఒక్కటే ఇబ్బందట. మరి ఇబ్బందేమిటన్నాను.

"మరేం లేదండీ, అబ్బాయి ప్యాకేజీ కాస్త వీక్ అంటున్నారు."