తూము మూసిన తెలివి

రోడ్డు నున్నగా ఉంటే వంతెన గట్టిగా ఉన్నట్టేనని బోధించే ఇంజినీరింగు శాస్త్రం ఒకటుంది. దానికి పాఠ్యపుస్తకం లేదు గానీ ప్రయోగశాల ఉంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, గ్రీనిచ్ ఊళ్లో మయానస్ నది మీది ఉక్కు గిర్డర్ల వంతెన.

1958లో మొదలైన హైవే మీది వంతెన అది. వాన నీళ్లు పోవాలని అమాయకంగా తూములు పెట్టారు. కూలడానికి ఓ పదేళ్ల ముందు రోడ్డు బాగుచేస్తూ వాటి మీద తారు పరిచేశారు. గుంట లేదు, గతుకు లేదు, కారులో ఓటరు చేతిలో కాఫీ ఒలకదు. ఇక కురవొద్దని వానకి మాత్రం ఎవరూ చెప్పలేదు. పైన పటారం, లోన లొటారం. నీళ్లు అతుకుల సందుల్లోంచి దిగాయి. వంతెన మధ్య ముక్కని ఉక్కు పిన్నులకీ హ్యాంగర్ పట్టీలకీ తగిలించి వేలాడదీశారు. మోసే గిర్డర్లు రెండే, ఒక మూల జారితే ఆదుకునే మూడోది లేదు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటడుగుతుంది కదా, లోపల పేరుకుని పట్టీని పిన్ను కొస దాకా నెట్టింది.

తనిఖీ జరగలేదా? ఎందుకు జరగలేదు, కూలడానికి ఏడాది తిరగకముందే జరిగింది. రాష్ట్రంలో 3,425 వంతెనలు. చూసేవాళ్లు 12 మంది ఇంజినీర్లు, అదీ జంటలుగా. జంటకి 570 పైచిలుకు! మాఘమాసంలో పురోహితుడు కూడా ఇన్ని పెళ్లిళ్లు ఒప్పుకోడు.

1983 జూన్ 28, రాత్రి ఒకటిన్నర వేళ నూరడుగుల ముక్క ఊడి నదిలో పడింది. ముగ్గురు పోయారు. అప్పటికి పాతికేళ్లుగా ఆ హైవే మీద టోల్ వసూలవుతూనే ఉంది. జనం రోడ్డు వాడినందుకు కట్టారు. తూము వాడనివ్వనందుకు ఎవరు కట్టాలో ఏ గేటు దగ్గరా బోర్డు లేదు.

గుణపాఠం నేర్చుకున్నారనుకుంటాం, అలవాటు. పిట్స్‌బర్గ్‌లో ఫెర్న్ హాలో వంతెనకి 2011 నుంచీ 'అధ్వాన్నం' అని మార్కు వేస్తూనే వచ్చారు. పూడిన తూములు, కాళ్ల దగ్గర చెత్త, తుప్పు, అన్నీ నివేదికల్లో ఉన్నాయి. చదివినవాళ్లు బుద్ధిగా ఫైల్లో పెట్టారు. 2022 జనవరి 28న అది కూలింది. రోడ్లూ వంతెనల మరమ్మతుల గురించి ఉపన్యసించడానికి అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఆ ఊరొచ్చింది సరిగ్గా ఆ రోజే. అదృష్టం, ప్రాణాలు పోలేదు. చీపురూ పారా పంపడానికి పదేళ్లు తీరిక చిక్కనివాళ్లకి, రెండున్నర కోట్ల డాలర్లతో కొత్త వంతెన కట్టేయడానికి ఏడాది కూడా పట్టలేదు.