ముప్పావుగంట నిలబడలేరా?

మొన్న ఆదివారం ఒక తెలుగు కుర్రాడు భోజనానికి పిలిచాడు. ఉద్యోగం కోసం లూయిజియానాలోని బేటన్ రూజ్ వచ్చి రెండేళ్ళయింది, మంచివాడు. "గంబో చేశానండీ, మీరు తిని చెప్పాలి" అంటూ ప్రేమగా గిన్నె చేతికిచ్చాడు. గంబో అంటే ఇక్కడివాళ్ళు అన్నం మీద పోసుకునే పులుసు. స్పూనుతో కలిపి చూస్తే లేత గోధుమరంగు చారు. అందులో ఎముకల్లేని కోడిముక్కలు, చక్రాల్లా కోసిన సాసేజ్, రబ్బరులా సాగుతున్న రొయ్యలు. ఎంతసేపు పట్టింది బాబూ అని అడిగాను. "కరెంటు కుక్కర్లో ఇరవై నిమిషాలండీ!" మరి రూ, అంటే నూనెలో వేయించే పిండి, ఎవరు తిప్పారు? "అది సీసాల్లో అమ్ముతున్నారు కదండీ, రెండు చెంచాలు వేసేశాను."

అక్కడ ఏమీ అనలేదు. అన్నం పెట్టిన చేతిని నొప్పించడం మన పద్ధతి కాదు. కానీ దాదాపు యాభై ఏళ్ళుగా ఈ రాష్ట్రం ఉప్పు తింటున్నవాణ్ణి. ఆ చారు గంబో పేరుతో చలామణి అవుతుంటే నోరు మూసుకోవడం నావల్ల కాదు.

మేం లూయిజియానా వచ్చింది 1976లో. భీమవరం పక్క పల్లె మాది. అప్పట్లో మాకు తెలిసిన ఇండియన్ దుకాణం హ్యూస్టన్‌లో ఉండేది, కారులో నాలుగు గంటల పైమాటే. కందిపప్పు అయిపోతే అయిపోయినట్టే. ఆ ఆగస్టులో పక్కింటి పెరట్లో నిలువెత్తు బెండ మొక్కలు చూసి మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ పెరడు గలావిడ నల్లజాతి క్రియోల్, పుట్టింది ఓపెలూసస్ వైపు. ఇక్కడ నాయనమ్మనైనా అమ్మమ్మనైనా పిల్లలు "మామా" అంటారు. మనవలు ఆవిణ్ణి అలా పిలుస్తుంటే మా ఆవిడ చెవికి అచ్చం మన "మామ్మ"లా వినబడింది. ఆ రోజు నుంచి ఆవిడ మాకూ మామ్మే.

మామ్మ మా ఆవిడ ఒళ్ళో ఇన్ని బెండకాయలు పోసి "గంబో" అంది. అప్పుడు తెలిసింది, గంబో అంటే కూర కంటే ముందు కాయ అని. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టితెచ్చిన మనుషుల భాషల్లో బెండకాయ పేరు కింగోంబో. వాళ్ళ నోటి వెంట ఆ పేరూ ఈ గడ్డ మీదికి వచ్చింది. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ బెండకాయను గోంబో అనే అంటారు. 1719లో ఇక్కడికి వచ్చిన మొదటి బానిస ఓడల్లో వరి విత్తనాలనూ, వరి సాగు తెలిసిన మనుషులనూ కూడా ఎక్కించుకొచ్చారట. అన్నం మీద పులుసు పోసుకుని బెండకాయ ముక్క నంజుకునే గోదావరి జిల్లా వాడికి ఆ మొదటి ముద్దే ఇల్లు చేరినట్టనిపించడంలో వింతేముంది?

మామ్మ దగ్గర వంట నేర్చుకోవాలంటే ముందు నిలబడటం నేర్చుకోవాలి. మందపాటి ఇనుప కుండ పొయ్యి మీద పెట్టి, కప్పు నూనె పోసి, కాగాక కప్పు మైదా కొద్దికొద్దిగా చల్లుతూ కలిపేది. అదే రూ. గంబోకు ప్రాణం. కలిపాక చెక్కగరిట నా చేతికిచ్చి, "ఫోన్ మోగినా సరే, తలుపు కొట్టినా సరే, ఆపకు" అనేది. మొదటి పది నిమిషాలు ఏమీ జరగదు. తెల్లటి ముద్ద, పచ్చిపిండి వాసన. తర్వాత ఇసుక రంగు. తర్వాత వేయించిన వేరుశనగపప్పు వాసన కమ్మగా లేస్తుంది, కొత్తవాళ్ళు అక్కడితో అయిపోయిందనుకుంటారు. ఇంకా తిప్పాలి. కొత్తబెల్లం రంగు వస్తుంది, ఆపైన తోమని రాగిచెంబు రంగు, చివరికి నల్లబెల్లం పాకం రంగు. వాసన కాఫీగింజల దాకా పోతుంది. అక్కడికీ మాడుకూ మధ్య అర నిమిషమే ఉంటుంది. ఒక్క నల్లచుక్క తేలిందా, మొత్తం పారబోసి కుండ కడిగి మళ్ళీ మొదలెట్టాలి. మాడిన రూ కుండెడు కూరను చేదు చేస్తుంది, ఏం వేసినా ఆ చేదు విరగదు. నేర్చుకునే రోజు నాకు మూడుసార్లు మాడింది. మామ్మ విసుక్కోలేదు. మైదా డబ్బా మళ్ళీ నా ముందుకు జరిపింది, అంతే. నాలుగోసారికి చేతి మీద చింది బొబ్బలెక్కింది. ఆ మచ్చ ఎడమ మణికట్టు మీద ఇప్పటికీ ఉంది.

రంగు రాగానే ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం తరుగు కుండలో పడాలి. ఇక్కడివాళ్ళు ఈ మూడింటినీ కలిపి హోలీ ట్రినిటీ అంటారు, మనం త్రిమూర్తులన్నట్టు. ఆ తడి తగలగానే చుయ్యిమని పిండి వేగడం ఆగిపోతుంది, కానీ ఆగేలోపు రంగు ఇంకో పిసరు ముదురుతుంది. అందుకే అనుకున్న రంగుకు ఒక వాసి ముందే తరుగు వేసేయాలి. ఇంకో మాట. రూ ముదిరేకొద్దీ దానికి చిక్కబరిచే బలం తగ్గుతుంది. ముదురు రూతో చేసే గంబోకు పిండి కాస్త ఎక్కువ పడుతుంది. సీసా మూత తిప్పి రెండు చెంచాలు వేసేవాడికి ఇవన్నీ తెలిసే దారేది?

పల్లెల్లో పొద్దంతా పనిచేసి వచ్చి పదిహేనుమందికి వండే కేజన్ ఆడవాళ్ళు, అంటే ఇక్కడి ఫ్రెంచి సంతతివాళ్ళు, సీసా రూ వాడటం నేనెరుగుదును. వాళ్ళను ఒక్క మాటా అనను. నలభై ఏళ్ళు తిప్పి తిప్పి భుజాలు పట్టేసి సీసా కొన్నారు వాళ్ళు. ఒక్కసారి కూడా గరిట పట్టకుండానే సీసా కొనేవాళ్ళతోనే నా పేచీ.

కోడి సంగతీ అంతే. మా రోజుల్లో గుడ్లు మానేసిన ముసలిపెట్టను గంబోకు కోసేవారు. రెండున్నర గంటలు ఉడికితే తప్ప లొంగేది కాదు. ఆ ఉడుకులో ఎముకల్లోని సారమంతా పులుసులోకి దిగేది, పైన కొవ్వు పచ్చని నెయ్యిలా తేలేది. నాటుకోడి పులుసు తిన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఎముకలు తీసేసిన రొమ్ముముక్క ప్లాస్టిక్ పళ్ళెంలో వస్తుంది, ముప్పై నిమిషాలకు పీచుపీచయిపోతుంది. సాసేజ్ చూద్దామా అంటే, ఆండూయీ అని చీటీ అంటించి మెత్తగా రుబ్బిన మాంసం అమ్ముతున్నారు, పొగ వాసన కూడా సీసాలోదే. మిసిసిపీ ఒడ్డున లాప్లాస్ ఊరి ఆండూయీ తిని చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్లు వచ్చి స్థిరపడ్డ తీరం అది. పందిమాంసం ముక్కలు ముక్కలుగానే ఉంచి, వెల్లుల్లి, మిరియం పట్టించి, పికాన్ కట్టెల మీద గంటల తరబడి పొగబెడతారు. కోస్తే కండ కనబడాలి, కుండలో పడ్డాక ఆ పొగ ప్రతి మెతుక్కీ అంటాలి.

బెండకాయ దగ్గర మాత్రం మామ్మకు నేనే పాఠం చెప్పానని మొదట్లో అనుకున్నాను. మనవాళ్ళలా బెండకాయలు తుడిచి, ఆరబెట్టి, ముక్కలు కోసి, మూకుట్లో జిగురు తీగలు తెగేదాకా వేయించి చూపించాను. ఆవిడ నవ్వి, తన పెనం తెచ్చి అదే పని చేసి చూపించింది. సముద్రాలకు అటూ ఇటూ రెండు వంటిళ్ళు ఒకే కిటుకు పట్టుకున్నాయి. బెండకాయలు దొరకని చలికాలంలో ఫీలే వేసేది. ససాఫ్రస్ చెట్టు ఆకు ఎండబెట్టి దంచిన పొడి అది, చాక్టా తెగ వాళ్ళ విద్య. దాన్ని కుండ దించాకే కలపాలి. ఉడుకుతుండగా వేస్తే తీగలు సాగుతుంది. బెండకాయ వేస్తే ఫీలే వద్దు, ఫీలే వేస్తే బెండకాయ వద్దు అని ఆవిడ నియమం. ఇప్పటి కుర్రాళ్ళు రెండూ వేసి, చిక్కబడలేదని కార్న్‌ఫ్లోర్ కూడా కలుపుతున్నారు.

రొయ్యల మాటెత్తితే నాకు గుండె రెండు ముక్కలవుతుంది. ఆగస్టులో తెల్లరొయ్యల సీజన్ మొదలవగానే మామ్మ కొడుకూ నేనూ తీరానికి వెళ్ళేవాళ్ళం. పడవ మీంచే ఐస్‌పెట్టెలో తలలతో సహా పోయించుకుని, రాత్రికి రాత్రి ఇంటికి. తలలూ పొట్టూ పారేసినవాణ్ణి మామ్మ క్షమించేది కాదు. వాటిని ఉడకబెట్టి వడగట్టిన నీళ్ళే పులుసుకు పోసేది. ఇప్పుడు అంగళ్ళలో ఒలిచి గడ్డకట్టించిన సంచులు. తిప్పి చూస్తే వెనక "ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా". మన దేశంలో చెరువు రొయ్యలు పండించడంలో ఆంధ్రదే మొదటి స్థానం. అంటే మా ఊరి పక్క చెరువుల్లోవే కావచ్చు. 2019 నుంచి ఇక్కడి హోటళ్ళు రొయ్యలు దిగుమతివైతే ఆ సంగతి గిరాకీకి తెలియజెప్పాలన్న చట్టం ఉంది. 2025లో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడి పడవల వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. అదే వారం మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "ఈసారి చెరువు ఎండబెట్టేశా పెదనాన్నా" అన్నాడు. ఎవరి పక్షం మాట్లాడను? ఆ రొయ్య పెంచినవాడి కష్టం తక్కువేమీ కాదు. కానీ తల లేకుండా, పొట్టు లేకుండా వచ్చిన రొయ్యతో గంబోకు పోయాల్సిన నీళ్ళు తయారవవు. ఆ లోటును ఉప్పుకణికలతో పూడుస్తున్నారు.

పాల్ ప్రూడమ్ 1979లో న్యూ ఆర్లియన్స్‌లో తన హోటల్ తెరిచి కేజన్ వంటకు దేశమంతటా పేరు తెచ్చాడు. ఆయనను గౌరవిస్తాను. బాగా కాగిన నూనెలో నిమిషాల్లో రూ తీయగలిగిన చెయ్యి ఆయనది, అది పుట్టుకతో పట్టిన గరిట. తర్వాత ఏమైంది? కాస్త కారం చల్లిన ప్రతిదానికీ కేజన్ అనే తగిలించడం మొదలెట్టారు. 2004లో ప్రభుత్వం గంబోను రాష్ట్ర అధికారిక వంటకం చేసింది. 2016లో ఓ పెద్ద బొమ్మల సినిమాల కంపెనీ రూ లేకుండా, కేల్ ఆకూ కినోవా వేసి ఆరోగ్యకరమైన గంబో అంటూ వీడియో పెట్టింది. రాష్ట్రమంతా గోల పెట్టాక తీసేసింది. ఆ గోలలో నా గొంతూ ఉంది.

గంబోకు పేరుపడ్డ లియా చేజ్ గారి వంట నేను న్యూ ఆర్లియన్స్ వెళ్ళి తిన్నాను. ఆవిడ హోటల్లో పౌరహక్కుల ఉద్యమ నాయకులు గంబో తింటూ సమావేశాలు జరుపుకున్నారు. ఒబామా వచ్చి గంబోలో హాట్ సాస్ పోసుకోబోతే, రుచి చూడకుండా అదేం పని అని ఆవిడ మొహం మీదే మందలించింది. 2019లో 96 ఏళ్ళ వయసులో పోయింది. మనవాళ్ళు గిన్నె ముందుకు రాగానే ఆవకాయ ఎక్కడుందని వెతుకుతుంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది. ముందు ఒక ముద్ద తినండి నాయనా.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది. న్యూ ఆర్లియన్స్ మునిగింది, జనం బేటన్ రూజ్ మీదికి వచ్చిపడ్డారు. మామ్మ ఇంటికి ఆ రాత్రికి పధ్నాలుగు మంది బంధువులు చేరారు. కొందరి ఒంటి మీద బట్టలు తప్ప ఏమీ లేవు. మా వీధిలో కరెంటు లేదు. ఫ్రీజర్లలో ఉన్నదంతా కరిగిపోతోంది. మామ్మకు అప్పటికి ఎనభై దాటాయి, నిలబడలేదు. పెరట్లో గ్యాస్ పొయ్యి పెట్టించి, కుర్చీ వేయించుకుని కూర్చుని, "మీ ఇంట్లో ఏముంటే అవి తెండి" అని వీధి వీధంతా కబురు పంపింది. ఒకరు కోళ్ళు తెచ్చారు, ఒకరు వేటాడిన బాతులు, ఇంకొకరు ఆండూయీ. మా ఫ్రీజర్లోంచి రెండు సంచుల బెండకాయలూ, రొయ్యలూ తీసుకెళ్ళాం. రూ తిప్పే పని నాకు చెప్పింది. ఆరు కప్పుల నూనె, ఆరు కప్పుల మైదా, పడవ తెడ్డంత గరిట. గంటన్నర తిప్పాను. నా చెమట కుండలో పడకుండా మా ఆవిడ తువ్వాలుతో తుడుస్తూనే ఉంది. మామ్మ మాట్లాడలేదు, వాసన చూస్తూ కూర్చుంది. కాఫీ వాసన లేవగానే "ఇప్పుడు" అంది, ఉల్లిపాయలు పడ్డాయి. ఇల్లు పోగొట్టుకున్న మనిషి ఒకాయన అన్నం మీద గంబో పోసుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని అలాగే చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మళ్ళీ వడ్డించమని గిన్నె చాపాడు.

మామ్మ పోయి పదిహేనేళ్ళు దాటింది. ఆ ఇనుప కుండ వాళ్ళబ్బాయి నాకే ఇచ్చాడు. శనివారం చలిగాలి దిగుతుందని చెబుతున్నారు, ఈ ఏటికి ఇదే మొదటిది. ఆండూయీకి లాప్లాస్ వెళ్ళొచ్చాను, ముసలిపెట్ట కోసం ఒక రైతుకు చెప్పి ఉంచాను. ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. "పదింటికల్లా రా బాబూ, ఫోన్ కార్లోనే పెట్టేసి రా, గరిట నీకే ఇస్తాను" అన్నాను. మీటింగ్ ఉందండీ, చూస్తానండీ అన్నాడు. మైదా మాత్రం రెండు పొట్లాలు తెచ్చి పెట్టాను, మాడినా పరవాలేదని.