వేడెక్కిన ఇంజను పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం చుట్టుపక్కల చేన్లలో ఐదు హార్స్‌పవరు డీజిలు ఇంజన్లు బావుల మీద డుగుడుగుమన్న కాలపు పద్యమిది. కవి ఎవరో తెలియదు. మూత ముట్టుకోవద్దని అంత గట్టిగా చెప్పాడు గనుక ఎప్పుడో ముట్టుకొనే ఉంటాడు.

ఆటవెలది:
బావి నీళ్ళు తాగి బతుకు నింజనునకు
నావి రెగయ మూత నంటరాదు
గొట్ట మూది చూచి గొంతెండెనో నుయ్యి
తెలిసికొమ్ము; పిదప తిట్టు మతని.

ప్రతిపదార్థం: బావి నీళ్ళు తాగి = తాను తోడే నీళ్ళలోనే ఒక పాయను సిలిండరు చుట్టూ తిప్పుకొని; బతుకు నింజనునకున్ = ప్రాణం నిలుపుకొనే ఇంజనుకు (ఇక్కడ నుగాగమం సకాలంలోనే వచ్చింది, జలాగమమే రాలేదు); ఆవిరి ఎగయన్ = పొగలు కక్కగా; మూతన్ = నీళ్ళ మూతను; అంటరాదు = తువ్వాలు చుట్టుకొని కూడా ముట్టరాదు; గొట్టము ఊది చూచి = సన్న గొట్టం పూడిందేమో నోటితో ఊది పరీక్షించి; గొంతెండెనో నుయ్యి = బావిలో నీళ్ళున్నాయో లేదో; తెలిసికొమ్ము = తొంగి చూడుము; పిదపన్ = ఆ తర్వాతే; అతనిన్ = (వివాదం ఉంది, కింద చూడండి); తిట్టుము.

తాత్పర్యం: ఇంజను కాలిందంటే ముందు నీళ్ళ దారి చూడు, తర్వాత నీళ్ళు చూడు, నోరు చివర చేసుకో.

విశేషాలు: పంపు నుంచి బయటికొచ్చే పెద్ద పైపుకు ఒక సన్న గొట్టం తగిలించి, ఆ నీటిని ఇంజను ఒంట్లోకి పంపి, అవతలి వైపు నుంచి కాలవలోకి వదిలేస్తారు. ఆ వదిలే నీళ్ళ కింద చెయ్యి పెట్టడమే జ్వరం చూడటం. చెయ్యి ఓర్చుకుంటే ఫరవాలేదు. ధార సన్నబడి చుర్రుమంటే గొట్టంలో నాచో ఇసుకో ఉంది, ఊదాలి. ఊదినా సన్నగానే ఉంటే లోపల సున్నపు పొర కట్టింది. ఇక్కడి నీళ్ళు చవుడు నీళ్ళు; కాగేకొద్దీ సున్నం నీటిని వదిలి ఇనుముకు అంటుకుంటుంది. ఆ పొర ఎదిగితే బయట ఎన్ని నీళ్ళు పారినా లోపలి వేడి వాటికి అందదు. ధార మొత్తానికే ఆగితే నేరుగా బావి గట్టుకు పోవాలి. పీల్చే పైపు అడుగునున్న ఫుట్‌వాల్వు నీటిపైకి తేలి గాలి పీలుస్తూ ఉంటుంది. మట్టం మరీ దిగితే ఏ పంపూ పీల్చలేదు. శాస్త్రప్రకారం హద్దు 10 మీటర్ల చిల్లర, పనిలో ఏడు దాటితే కష్టం. అందుకే మనవాళ్ళు బావి లోపల అరుగు కట్టి ఇంజనునే కిందికి దించారు. నీళ్ళు రానప్పుడు మనమే నీళ్ళ దగ్గరికి పోవడం ఈ సీమ మర్యాద.

ఆక్షేపం: బావి ఇంజనుకు మూత ఎక్కడిది? సమాధానం: కవికి ట్రాక్టరు కూడా ఉంది. రేడియేటరు మూత లోపల ఒత్తిడి నిలుపుతుంది గనుక నీళ్ళు 110 డిగ్రీలకు పోయినా మరగక పొంచి ఉంటాయి. మూత తిప్పగానే ఒక్కసారి ఆవిరై మొహాన కొడతాయి. అసలే సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లకు పైనున్న ఊరు, ఇక్కడ బయట నీళ్ళు 99కే మరుగుతాయి. చల్లారకముందే బిందెడు చన్నీళ్ళు పోసేవాళ్ళకు వేరే పద్యం కావాలి: హెడ్డు పగులుతుంది.

పాఠాంతరం: గోదావరి ప్రతిలో మొదటి పాదం 'ఏటి నీళ్ళు తాగి యీదు నింజనునకు' అని ఉంది. యతి చక్కగా కుదిరింది. పడవ కడుపులో బిగించిన ఇంజనూ ఇదే కులానిది: అడుగున రంధ్రం, దానికొక జాలీ, రబ్బరు రెక్కల పంపు, చాలా పడవల్లో వాడిన నీళ్ళు పొగతో కలిసి వెనక గొట్టంలోంచి చిమ్ముతాయి. చిమ్మడం లేదంటే జాలీకి గుర్రపుడెక్కో ప్లాస్టిక్ సంచో పట్టింది. జాలీ శుభ్రంగా ఉంటే రబ్బరు రెక్కలు చూడాలి. కాసేపు నీళ్ళు లేక తిరిగితే చాలు, అవి విరుగుతాయి. విరిగిన ముక్కలన్నీ లెక్కకు దొరికేదాకా వెతకాలి, లేకపోతే ముందుకు పోయి ఇంకో గొట్టంలో అడ్డం పడతాయి. నీళ్ళు బాగానే చిమ్ముతూ, వేగం పెంచినప్పుడే కాలుతుంటే కింద పంకాకు వలో తాడో చుట్టుకుందేమో చూసుకోవాలి. ఇంతా బాగానే ఉంది గాని, ఆ ప్రతి మూడో పాదంలో చిక్కుకుంటుంది. ఏటి మీద తేలుతూ నుయ్యి ఎండిందేమో ఎవడైనా చూస్తాడా? కాబట్టి మూలం బుక్కరాయసముద్రానిదే. కట్టమంచి రామలింగారెడ్డి గారి 'ముసలమ్మ మరణం' ఈ ఊరి చెరువు కట్ట తెగబోయిన కథ. ఆ కావ్యంలో నీళ్ళెక్కువై చిక్కు, మన పద్యంలో లేక చిక్కు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వానతో రెండు కావ్యాలకూ నీళ్ళు సర్దడం ఈ జిల్లాకే చెల్లింది.

ఈ జిల్లాలోనే 2016 ఖరీఫులో ఎండుతున్న వేరుశనగకు ప్రాణం పోయడానికి రెయిన్‌గన్లు దించినప్పుడు కూడా మూడో పాదమే అక్కరకొచ్చింది. గన్ను, పైపులు, ఇంజను ఎన్ని తెచ్చినా, పీల్చడానికి కుంటలో నీళ్ళుండాలి.

'అతని' శబ్ద విచారం: ఇంజనునే తిట్టమన్నాడని కొందరు. అది తప్పు. ఇంజను అమహద్వాచకం, 'దానిని' అనాలి. వ్యాకరణం ప్రకారమే ఇంజను నిర్దోషి. మెకానిక్కును తిట్టమన్నాడని రెండో పక్షం: హెడ్డు విప్పి, గ్యాస్కెట్టు మార్చి, బిల్లు తీసుకొని, బావిలోకి మాత్రం చూడనివాడని వారి వాదం. ఇంద్రుణ్ణని మూడో పక్షం. ఆయన అలవాటుపడిపోయాడు, తిట్టి ప్రయోజనం లేదు. పక్క చేనులో లోతుగా బోరు దించి మన బావి ఊటను లాగేసిన ఆసామి అని నాలుగో పక్షం. ప్రకరణ బలం దీనికే ఉంది గనుక ఇదే సిద్ధాంతం. అయితే ఆ ఆసామి మనకు బావమరిది వరస అయితే, రెండో పక్షాన్ని ఆశ్రయించి మెకానిక్కును తిట్టడం శిష్టాచారం.