సంగటికి పట్టాభిషేకం

జూబ్లీహిల్స్‌లో రాగి సంగటికి పట్టాభిషేకం జరిగింది. ఇత్తడి పళ్లెం సింహాసనం, నెత్తిన నెయ్యి కిరీటం, పక్కన మంత్రిగా నాటుకోడి పులుసు. ముందు ఫోన్లు దండం పెట్టుకున్నాయి. ఆ తర్వాత భక్తులు స్పూనుతో ముద్ద తుంచి, చూయింగ్ గమ్ములా నమిలారు. సంగటిని పులుసులో అద్ది మింగాలని చెప్పే అవ్వ మెనూ కార్డులో లేదు మరి. అయినా ‘బ్యాక్ టు రూట్స్’ అని పోస్టు పెట్టేశారు.

ఇంతకీ ఆ రూట్స్ పీకిందెవరు? సీమలో, తెలంగాణలో రాగులు, జొన్నలు, కొర్రలు తిన్నన్నాళ్లూ అది బీదకూడు. వరన్నం పండగనాటి మాట. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తే పేదింటి పొయ్యి మీదికీ వరన్నం ఎక్కింది. హమ్మయ్య, మనమూ మనుషులమయ్యాం అని వాళ్లు అనుకునేసరికి, ఉన్నవాళ్లకి తెల్లన్నం మొహం మొత్తింది. షుగరొచ్చింది. డాక్టరు చిరుధాన్యాలు తినమన్నాడు. చీటీ మీద రాస్తే అది పథ్యం. మెనూ మీద అచ్చేస్తే సంస్కృతి!

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం చేసింది. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో వాటిని ‘శ్రీ అన్న’ అన్నారు. ధాన్యానికి శ్రీ తగిలింది. తరతరాలుగా దాన్ని తిన్నవాణ్ణి మాత్రం ‘ఏరా’ అనే పిలుస్తున్నాం. జహీరాబాద్ చెలకల్లో ఆ విత్తనాలు చెడకుండా కాపాడుకొచ్చిన దళిత మహిళలకు ఈ టేబుల్ దగ్గర కుర్చీ వేసినవాడు లేడు.

పోనీ, బీదల తిండంతా గద్దెనెక్కిందా? హైదరాబాదులో పెద్దకూరతో వండే కల్యాణి బిర్యానీ కూడా బీదల బిర్యానీయే. దాన్నీ ఇత్తడి పళ్లెంలో వడ్డించమనండి, రూట్స్ భక్తులు చెప్పులు వదిలేసి పరిగెత్తుతారు. వేళ్లలోనూ ఫొటోకి పనికొచ్చేవి, పనికిరానివి ఉంటాయి.

ఇక బిల్లు చూడండి. సంగటికో పంక్తి, పులుసుకో పంక్తి, కింద 5 శాతం జీఎస్టీ. ‘మేం అందరిలాంటివాళ్లం కాదు’ అనిపించుకున్నందుకు మాత్రం విడిగా పంక్తి లేదు. అసలు కొన్నది అదేనాయె! తిండి మీద పన్నేసిన సర్కారుకి డాబు మీద వెయ్యాలని ఎందుకు తట్టలేదో. వేసి ఉంటే రెండు రాష్ట్రాల అప్పులూ ఒక్క ఆదివారం మధ్యాహ్నంతో తీరిపోవూ!