తూర్పు కిటికీ

నన్ను ఈ ఇంట్లో ఎవరూ కిటికీ అని పిలవరు. "తూర్పుది వేశారా?", "తూర్పుదాని కింద తడిసింది, గుడ్డ పడెయ్యండి" అంటారు, అంతే. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, హార్బరు కూత వినిపించేంత దూరంలో, ఒక సందులోని మేడగదికి తూర్పు గోడలో ఉంటాను. ఇదే గదికి పడమట ఇంకొకటి ఉంది. దాని బాధ ఎండ ఒక్కటే. నాకేమో ఉప్పుగాలి, వానజల్లు, తుఫాను అన్నీ ముందు తగులుతాయి. అందుకే ఈ ఇంట్లో కిటికీ బాగుచేయించారంటే నన్నే.

పుట్టిల్లు బర్మా. పచ్చి టేకు నీళ్ళలో తేలదు, మునుగుతుంది. అందుకని అక్కడ చెట్టును ఒకేసారి కొట్టేవారు కాదు. మొదలు చుట్టూ బెరడూ, దాని కింది తెల్లచెక్కా తెగేలా గంటు పెట్టి, రెండు మూడేళ్ళు నిలువునా ఎండనిచ్చేవారు. ఆ తర్వాత కొట్టి, ఏనుగులచేత వాగుదాకా లాగించి, వరదొచ్చినప్పుడు ఐరావతి నదిలోకి వదిలేవారు. రంగూన్ చేరిన కర్ర స్టీమరెక్కి ఇటు వచ్చేది. అదే స్టీమర్ల మీద ఉత్తరాంధ్ర జనం కూలికీ నాలికీ అటు వెళ్ళేవారు. ఈ ఇల్లు కట్టిన పెద్దాయనా అలా వెళ్ళి, నాలుగు రాళ్ళు వెనకేసుకుని తిరిగొచ్చినవాడే. 1933లో హార్బరు తెరిచేనాటికి నేను గోడలో నిలబడి ఉన్నాను.

నన్ను చేసిన వడ్రంగి చెక్కకూ చెక్కకూ మధ్య ఇనప మేకు కొట్టలేదు. ఒకదాని కొస సన్నగా చెక్కాడు, రెండోదానికి సరిపడా తొలి పెట్టాడు, బిగించి వెదురు మేకు దిగ్గొట్టాడు. రెండు రెక్కలు, రెక్కకు నాలుగేసి అద్దాలు. ఇనుము పెట్టింది ఊచల దగ్గర మాత్రమే. ఆ ఊచలు ఏం చేశాయో తర్వాత చెబుతాను.

నాకు తగిలిన మొదటి దెబ్బ గురించి ఇంట్లో ఒక కథ తిరుగుతోంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లే కట్టుకుని పల్లెలకు పోయారు. ఎడమ రెక్కలో కింది అద్దానికి ఉన్న పగులు ఆ బాంబు వల్లే వచ్చిందని వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తారు. కాదు. వెలుగు బయట పడకూడదని యుద్ధం రోజుల్లో నా అద్దాలకు మైదా జిగురుతో నల్లకాగితం అంటించారు. యుద్ధం అయ్యాక దాన్ని ఊడదీయడానికి పెద్దాయన అల్లుడుగారు కూరలు తరిగే చాకు పట్టుకుని కూర్చున్నారు. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి కాసేపు కప్పి ఉంచితే కాగితం దానంతట అదే వచ్చేది. ఆయనకు అంత ఓపిక లేదు. బాంబు ఖాతాలో వేసుకున్నా నాకేం అభ్యంతరం లేదు, అల్లుడుగారి పరువు నిలిచింది.

తర్వాతి ముప్పై నలభై ఏళ్ళలో నాకు జరిగినదాన్ని ఇంట్లోవాళ్ళు మరమ్మతు అన్నారు. పండక్కి ఒక పూత, పెళ్ళికి ఒక పూత. పాత రంగు గీకకుండా దాని మీదే కొత్త రంగు. పూతమీద పూత పడి రెక్కల అంచులు లావెక్కాయి, ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. బిగుసుకుందని ఒకాయన వర్షాకాలంలో చిత్రిక పట్టాడు. చెక్క వానల్లో తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగు మాత్రం దాదాపు మారదు. ఎండాకాలం వచ్చేసరికి మళ్ళీ కుదించుకుంటుంది. శ్రావణంలో సరిగ్గా పట్టేలా అరగదీసిన రెక్కకు వైశాఖంలో వేలు దూరేంత సందు వచ్చింది. ఆ సందులోంచి జల్లు లోపలికి కొట్టింది. సందు పూడ్చడానికి గుడ్డపీలికలు కుక్కారు. పీలికలు తడిసి, ఆ తడి నా ఒళ్ళోనే నిలిచింది.

అంతకంటే పెద్ద ఘనకార్యం సిమెంటు. నా అడుగుపట్టె కింద, గోడకూ నాకూ మధ్య సన్నని నెర్రె కనిపిస్తే ఒక తాపీమేస్త్రి అందులో సిమెంటు కూరి, గట్టు బయటికి వాలుగా ఉండాల్సింది పోయి, కాస్త లోపలికే వాలేలా నున్నగా దిద్ది పోయాడు. చూడ్డానికి భలే ఉంది. కానీ పడిన నీళ్ళకు దారి లేదు. చెక్క తడవడం వల్ల పాడవదు, తడిసి ఆరకపోతే పాడవుతుంది. బర్మాలో వానలు తక్కువా? అక్కడ నిలబడ్డ చెట్టును ఏ వానా కుళ్ళబెట్టలేదు. మూడు చినుకులు నిలిచే గుంట ఒకటి చాలు నన్ను తినేయడానికి. మనుషులు పగిలిన అద్దాన్ని చూస్తారు, పొట్టు లేచిన రంగును చూస్తారు, నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో మాత్రం చూడరు.

ఊచల సంగతి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, అది తెలిసిందే. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుందని మాత్రం చాలామందికి తట్టదు. నా పట్టెలో దిగిన ఊచల కొసలు తుప్పెక్కి లావయ్యాయి, లోపలినుంచే చెక్కను చీల్చాయి. బయటివాళ్ళకు అది చెక్క లోపం. అంతా టేకును తిట్టారు.

హుద్‌హుద్ వచ్చేనాటికి నా స్థితి ఇది. ఆ పేరు ఒమాన్ ఇచ్చిందట, కూకుడుగువ్వ పేరు. 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దున్నుంచీ ఒక దిక్కునుంచి కొట్టింది. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. ముందురోజు ఇంటి కోడలు అద్దాలమీద కత్తెర గుర్తులా టేపు అతికించింది. పాపం, పగిలిన పెంకులు కొంచెం పెద్దవిగా పడటం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. గాలిని ఆపాలంటే బయటివైపు దట్టమైన ప్లైవుడ్ బిగించాలి, లేదా నిండు చెక్క తలుపులు ఉండాలి. గాలి ఒత్తిడి సరిపోతుందని అవతలి కిటికీ తెరిచి పెట్టమని పక్కింటాయన సలహా ఇచ్చాడు. అదృష్టం, ఎవరూ వినలేదు. గాలి లోపలికి దూరితే ఇంటికప్పును కింది నుంచి తోస్తుంది.

మధ్యాహ్నం తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చింది. ఒక్కసారి గాలి నిలిచిపోయింది. అయిపోయిందనుకుని జనం రోడ్డు మీదికి వచ్చారు. కాసేపటికి ఎదురు దిక్కునుంచి మొదలైంది. పొద్దున తోసిన గాలి ఇప్పుడు పీకింది. అప్పటికే వదులైన లప్పం ఊడింది, గడియ వంగింది, కుడిరెక్క తెరుచుకుని గోడకు కొట్టుకుంటూ పోయింది. పైమడతబందు మరలతో సహా లేచిపోయింది. అద్దాలు మూడు పోయాయి. పగులున్న ఆ 'బాంబు' అద్దం మాత్రం కదల్లేదు.

కరెంటు లేని రోజుల్లో నాకు అడ్డంగా ఒక ప్లైవుడ్ ముక్క మేకులతో కొట్టారు. తాత్కాలికం అన్నారు. ఈ దేశంలో తాత్కాలికం కన్నా ఎక్కువకాలం నిలిచేది ఏదీ లేదు. ఏళ్ళు గడిచాయి. చివరికి మనవరాలు ఇంటినుంచే ఉద్యోగం చేయడం మొదలుపెట్టి, పగలే లైటు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చోలేక, ప్లైవుడ్ పీకించింది. ముందు వచ్చినవాడు యూపీవీసీ కిటికీలవాడు. టేపు పట్టి కొలిచి, చౌకట్టుతో సహా తీసేద్దామన్నాడు. అతన్ని తిట్టను. యూపీవీసీకి చెద పట్టదు, ఉబ్బదు, రంగు అక్కర్లేదు, ఊళ్ళో కొత్త ఫ్లాట్లన్నిటికీ అదే. కానీ నన్ను పెకిలిస్తే పాత సున్నపు గోడ ఎంత ఊడి వస్తుందో అతని ఎస్టిమేటులో లేదు.

తర్వాత వడ్రంగి మేస్త్రి వచ్చాడు. కొలవలేదు. స్క్రూడ్రైవరు తీసి నా ఒంటి నిండా పొడిచాడు. పైపట్టెలో దిగలేదు, నిలువు పట్టెల్లో దిగలేదు, అడుగుపట్టె కుడిమూల జానెడు మేర మెత్తగా దిగిపోయింది.

"దీన్ని తీసి పారేసీమన్నదెవరమ్మా?" అన్నాడు. "ఇది సేవదేరిన కర్ర. ఇప్పుడిలాటిది దొరకదు. సచ్చింది ఈ మూలొక్కటే."

"ఆ మూలకి లప్పం నింపేస్తే సరిపోదా, మేస్త్రి గారూ?"

"కుళ్ళు మీద లప్పమెడితే ఏటి నిలుస్తాది? ముందు నీల్లెక్కడ ఆగతన్నాయో సూడాల."

చూశాడు. తాపీమేస్త్రి సిమెంటును ఉలితో ఊడగొట్టించి, గట్టును బయటికి వాలుగా దిద్దించాడు. పైనున్న సన్‌షేడు కింద, అంచుకు రెండంగుళాల లోపల, చిన్న గాడి కోయించాడు. సన్‌షేడు మీదనుంచి జారిన నీళ్ళు దాని అడుగునే పాకి గోడమీదికి వచ్చేవి. గాడి దగ్గరకొచ్చేసరికి దాటలేక కిందికి రాలిపోతున్నాయి. నా చెక్కను ఇంకా ముట్టుకోనేలేదు, సగం రోగం కుదిరింది.

కుళ్ళిన భాగాన్ని కోయడంలో ఒక ఒడుపుంది. నిలువుగా కోయలేదు, ఏటవాలుగా కోశాడు. అతుకు బయటివైపుకు దిగేలా, నీళ్ళు అతుకులోకి కాక బయటికి జారేలా. పాత తలుపు ఒకటి విప్పిన అడితిలోంచి పాత టేకు ముక్కే తెచ్చాడు. ఆ రెండు చెక్కల రేఖలూ ఒకే వరసలో ఉంచి, ఫెవికాల్ పట్టించి, వెదురు మేకులు దిగ్గొట్టాడు. ఊడిన మడతబందు దగ్గర లావుపాటి మర బిగించమని మనవరాలంది. అతను వినలేదు. పాత బెజ్జంలో చెక్క పుల్ల జిగురుతో దిగ్గొట్టి, ఆరాక దానిలో కొత్త బెజ్జం పెట్టి అదే సైజు మర బిగించాడు. ఇత్తడి బందుకు ఇత్తడి మరలే. ఇనప మరలు పెడితే ఉప్పుగాలికి వాటికి త్వరగా తుప్పు పడుతుంది. ఊచల్ని తీసి, తీగ బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి మళ్ళీ దించాడు.

పాత రంగు గీకుడు మనవరాలు తన మీద వేసుకుంది. ఎక్కడో చదివింది కాబోలు, పొడిగా రుద్దలేదు. మా కాలం రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంటే నా మీది పొరలన్నీ అనుమానించాల్సినవే. నీళ్ళు చల్లి, మాస్కు పెట్టుకుని, పిల్లల్ని గదిలోకి రానివ్వకుండా రుద్దింది. పెచ్చులు కాగితంలో పట్టి మూట కట్టింది. తొమ్మిది రకాల రంగులు బయటపడ్డాయట. పచ్చది ఎవరి పెళ్ళికో నాకు గుర్తుంది, చెప్పను.

అద్దాలవాడు వజ్రపు మొన ఉన్న కటరును కిరసనాయిల్లో ముంచి ఒక్క గీత గీశాడు. రెండోసారి అదే గీతమీద గీయడు, గీస్తే మొన చెడుతుంది, అద్దం వంకరగా విరుగుతుంది. చోటు కొలత కన్నా మూడు మిల్లీమీటర్లు తక్కువగా కోశాడు. సరిగ్గా కోస్తే ఉబ్బిన చెక్క దాన్ని నొక్కి పగలగొడుతుంది. చెక్క గాడికి ముందు ప్రైమరు కొట్టారు. పొడి చెక్క లప్పంలోని నూనెను పీల్చేస్తే, లప్పం పొడిబారి రాలుతుంది. నాకు పెట్టింది సుద్దపొడి, అవిసెనూనె కలిపి పిసికిన లప్పమే. అద్దం వెనక పల్చగా ఒక పొర, చిన్న మేకులు, ముందు ఏటవాలుగా ఇంకో పొర. పదిరోజులకు పైగా ఆరనిచ్చి రంగు వేశారు. రంగు లప్పం దగ్గర ఆగకుండా అద్దం మీదికి సన్నని గీతలా వచ్చేలా వేశారు, లేకపోతే ఆ సందులోకే నీళ్ళు దిగుతాయి. అందంగా ఉండాలని ఆ గీతను బ్లేడుతో గీకేసేవాళ్ళుంటారు. గీకకండి.

కొత్త అద్దాల్లోంచి ఎదురింటి కొబ్బరిచెట్టు నిటారుగా కనిపిస్తుంది, పాతవాటిలోంచి వంకరగా. "అద్దం కూడా నెమ్మదిగా కిందికి కారుతుందట, అందుకే వంకర" అని మనవరాలికి ఎవరో ఫోన్లో చెప్పారు. అబద్ధం. నేను గోడెక్కిన రోజునే ఆ చెట్టు చోట ఉన్న తాటిచెట్టు వంకరగా కనిపించింది. అప్పుడు కరిగిన గాజును రేకులా పైకి లాగేవారు, అలలు పడేవి. కరిగిన తగరం మీద తేల్చి చదునుగా చేసే పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ ప్రకటించింది 1959లో. నా పాత అద్దాలు దానికన్నా పెద్దవి.

అంతా అయింది గానీ, కుడిరెక్క మాత్రం ఇంకా అడుగున పట్టేస్తోంది. పని అయ్యేసరికి ఆషాఢం వచ్చింది. చిత్రిక పట్టమని ఇంట్లో అందరూ మేస్త్రి మీద పడ్డారు. "మాగమాసంలో పిలండి, అప్పుడూ పడతంటే తీస్తాను" అని సామాను సర్దుకున్నాడు. అంతదాకా పెద్దమ్మగారు మోచేత్తో గుద్ది నన్ను తెరుస్తున్నారు, గుద్దుకో తిట్టు చొప్పున మేస్త్రికి పంపిస్తున్నారు.