గ్లోబల్ అన్న

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి చైతన్యపురి వైపు నడిస్తే బాయ్స్ హాస్టల్ బోర్డులూ కోచింగ్ బోర్డులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఉంటాయి. అక్కడ ప్రతి హాస్టల్లోనూ ఒక గ్లోబల్ అన్న ఉంటాడు. సూర్యాపేట నుంచో నల్లగొండ నుంచో బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, కోర్సు పూర్తిచేసి, 'ఈ నెల్ల జాబ్ పక్కా' అంటూ కొన్నేళ్లుగా అక్కడే పాతుకుపోయిన మనిషి. ప్రోగ్రామింగ్‌లో డౌటొస్తే జూనియర్లు ముందు ఆయన గదికే పోతారు. ఫీజు ఒక ఛాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు.

ఆయన చేసే వైద్యం ఒక్కటే.

"వేరియబుల్ దొరుకుతలేదా? ఫంక్షన్ లోపల ఎందుకు దాసినవ్ రా? తీసి పైన పెట్టు. అందరికీ అందుతది."

పైన పెట్టగానే ఎర్రర్ పోతుంది. చిక్కంతా అక్కడే, పోతుంది కాబట్టే ఆయన మాట చెల్లుతోంది. బద్ధకమని అంటారు గానీ నాకలా అనిపించదు. అన్నది దానగుణం. ఆయన చార్జరూ సర్ఫు ప్యాకెట్టూ కారిడార్లోనే ఉంటాయి, ఆయన ప్రేమకథ వాచ్‌మన్‌కు కూడా కంఠతా వచ్చు.

జావాస్క్రిప్ట్ ఆయన కోసమే పుట్టినట్టుంటుంది. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దాని తొలిరూపం తయారుచేశాడు. స్ట్రిక్ట్ మోడ్ పెట్టకపోతే, వేరియబుల్‌ను డిక్లేర్ చేయడం మరిచిపోయినా అది కిక్కురుమనదు. విలువ ఇవ్వగానే గ్లోబల్ చేసి ఊరుకుంటుంది.

ఒకసారి హాస్టల్ మెస్ కోసం అన్న ఒక వెబ్ అప్లికేషన్ రాశాడు. ఇడ్లీ, దోసె, ఉప్మా, పూరీ, వడ: అయిదు బటన్లు. లూప్‌లో వార్ ఐ అని రాశాడు. వార్‌కు ఫంక్షనే హద్దు, లూప్ హద్దు కాదు. అందుకని అయిదు బటన్లకూ ఒకటే ఐ. ఎవరైనా నొక్కే వేళకు లూప్ ముగిసి ఐ విలువ 5 అయి కూర్చుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కనుక అయిదో నంబర్లో టిఫినేదీ లేదు. ఏది నొక్కినా 'అన్‌డిఫైన్డ్' అని వచ్చింది. మెస్‌లో నిజంగా వండేది అదే కాబట్టి మొదట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

వార్ బదులు 2015లో వచ్చిన లెట్ పెడితే ప్రతి చుట్టుకూ కొత్త ఐ పుడుతుందని ఒక జూనియర్ దిద్దాడు.

అసలు గోల ఆ రాత్రి మొదలైంది. సర్వర్ వైపు పనంతా అన్న జావాలో రాశాడు. లాగిన్ అయినవాడి పేరును సర్వ్‌లెట్ క్లాసులో పైనే పెట్టాడు. సర్వర్ మామూలుగా ఆ సర్వ్‌లెట్‌ను ఒక్కటే సృష్టించి, వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నూ దానితోనే నడిపిస్తుంది. అన్న ఒక్కడే పరీక్షించినన్నాళ్లూ బ్రహ్మాండంగా నడిచింది. హాస్టలంతా ఒకేసారి తెరిచేసరికి ఒకడి పేజీలో ఇంకొకడి పేరు. ఒక్కపొద్దున్నవాడి ఖాతాలో నాలుగు పూరీలు.

"పేరు సెషన్‌లో పెట్టాలన్నా. ఒక్క రిక్వెస్ట్‌కే పనికొచ్చేదైతే మెథడ్ లోపలే ఉండాలె," అన్నాడు జూనియర్.

అన్న శ్రద్ధగా విన్నాడు. మర్నాటికి అన్నీ సెషన్‌లోకి ఎక్కించాడు. మనిషి మనిషికీ మొత్తం మెనూ ఒక కాపీ.

ఈమధ్య కొత్తపేటలో కనిపిస్తే జావా మానేశానన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"పైథాన్ నేర్సుకుంటున్న. అండ్ల గ్లోబల్ అని కీవర్డే ఉన్నదంట!"